అన్నిటికన్నా వేగమైన జంతువు ఏదంటే… ముందు ఎలా కొలిచారో అడగండి

మీరడిగినవి రెండు ప్రశ్నలు. చిన్నప్పటి నుంచి చీతా అని చదువుకున్నాం, ఇప్పుడు నెట్‌లో చూస్తే ఒకచోట ఫాల్కన్ అంటారు, ఒకచోట సెయిల్‌ఫిష్ అంటారు, ఇంకోచోట ఏదో ఈగ అంటారు, ఏది నమ్మాలి అనేది ఒకటి. పెద్ద జంతువుకి కండ ఎక్కువ కదా, మరి ఏనుగు ఎందుకు అన్నిటికన్నా ఫాస్ట్ కాదు అనేది రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్పేస్తా. పెరిగ్రిన్ ఫాల్కన్, అదో రకం డేగ. పైనుంచి కిందకి దూకేటప్పుడు గంటకి 300 కి.మీ. దాటిపోతుంది, దాని దరిదాపుల్లోకి ఏదీ రాదు. నేల మీద పరిగెత్తేవాటిలో చీతా. ఇక్కడితో ఆపేయొచ్చు గానీ మీరు "ఏది నమ్మాలి" అన్నారు చూశారా, అసలు మజా అక్కడే ఉంది.

నాకు పక్షుల ఫోటోలు తీసే పిచ్చి చాలా ఏళ్ల నుంచి ఉంది, దానికి తోడు ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ ఏది ఎంత స్పీడుగా పోతుందో లెక్కలేసే ఇంకో పిచ్చి కూడా పట్టుకుంది. అందుకే ఎవరైనా ఫలానా జంతువు గంటకి ఇన్ని కిలోమీటర్లు అనగానే నా నోట్లోంచి ముందు వచ్చే మాట "ఎలా కొలిచారు?" అని. ఇంట్లోవాళ్లకి విసుగే కానీ ఈ ఒక్క ప్రశ్నతో సగం లిస్టులు రాలిపోతాయి.

ఫాల్కన్ సంగతి చూద్దాం. ఎక్కువ మంది చెప్పే 389 కి.మీ. అనే అంకె ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో కెన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన ఫ్రైట్‌ఫుల్ అని పేరు పెట్టి ఒక పెరిగ్రిన్‌ని పెంచి ట్రైనింగ్ ఇచ్చాడు, ఆయన పైలట్టు, స్కైడైవర్ కూడా. పక్షి తోక ఈకలకి చిన్న రికార్డర్ కట్టి, విమానంలో దాదాపు 5 కి.మీ. ఎత్తుకి తీసుకెళ్లి, తనూ దూకి పక్షినీ వదిలి, అది కిందకి దూసుకొచ్చే వేగం రికార్డ్ చేశారు. అంటే కొలిచే పరికరం పక్షి ఒంటి మీదే ఉంది. అదీ కొలత అంటే. అడవిలో అది మామూలుగా వేటాడేటప్పుడు అంత ఎత్తు నుంచి దూకాల్సిన పని ఉండదు కాబట్టి రోజూ అదే స్పీడు అనుకోకండి.

నేను ఫాల్కన్ పావురాల్ని తరమడం చూశాను, చూసిన ప్రతిసారీ ఒకటే ఆశ్చర్యం, అడ్డంగా రెక్కలు కొట్టుకుంటూ పోయేటప్పుడు ఏమంత గొప్పగా ఉండదు, వేరే డేగలకీ దానికీ పెద్ద తేడా అనిపించదు, కంగారు పడ్డ పావురం నేరుగా పారిపోతే దాన్ని అందుకోడానికి ఫాల్కన్ తెగ కష్టపడుతుంది. అదే బాగా పైకెక్కి, రెక్కలు ఒంటికి అతికించుకుని, తల కిందకి పెట్టిందంటే ఇక కెమెరా ఆటోఫోకస్ చేతులెత్తేస్తుంది. నా దగ్గర ఖాళీ ఆకాశం ఫోటోలు బోలెడున్నాయి, అవన్నీ ఫాల్కన్ ఫోటోలే. లెక్క వేసుకుంటే ఎందుకో తెలుస్తుంది, 389 కి.మీ. అంటే సెకనుకి 108 మీటర్లు, మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య పక్షి మూడున్నర మీటర్లు కదిలిపోయి ఉంటుంది.

చాలామంది దీన్ని ఒప్పుకోరు, "అది ఎగరడం కాదు, పడటం, పైనుంచి పారేస్తే రాయి కూడా పడుతుంది" అంటారు. నాకు ఆ వాదన నచ్చదు. రాయి పడుతూ పడుతూ పక్కకి తిరిగి పారిపోతున్న పావురాన్ని పట్టుకోలేదు కదా. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో ఫాల్కన్ వేటని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి చూశారు, వంకర్లు తిరిగే పక్షిని పట్టాలంటే ఆ ఎత్తు నుంచి దూకడమే మేలని తేలింది, ఎందుకంటే అంత వేగంలో రెక్క కొంచెం కదిపినా చాలు గాలి బలంగా తోస్తుంది కాబట్టి ఒళ్లు తిప్పుకోవడం ఇంకా సులువవుతుంది. అంటే ఆ స్పీడు దూరాన్ని దాటడానికి మాత్రమే కాదు, మలుపు తిరగడానికి కూడా.

సరే, మీరూ ఆ "పడటం" బ్యాచే అయితే, రెక్కల బలంతో అడ్డంగా ఎగిరేవాటి లెక్క వేరు. అక్కడ మెడల్ పక్షిది కాదు, గబ్బిలానిది. బ్రెజిలియన్ ఫ్రీ టెయిల్డ్ బ్యాట్ అని ఒకటుంది, టెక్సస్‌లో వాటికి చిన్న ట్రాన్స్‌మిటర్లు అతికించి విమానంలో వెంటపడి చూస్తే కొన్ని గంటకి 160 కి.మీ. వరకు వెళ్లాయని 2016లో రాశారు. దీని మీద అభ్యంతరాలున్నాయి. గాలి వేగం ఆ గబ్బిలం ఎగిరే చోట కొలవలేదు, వాతావరణ డేటా నుంచి తీసుకున్నారు, వెనక నుంచి గాలి తోస్తే నేల మీద లెక్కలో స్పీడు ఎంతైనా కనిపిస్తుంది కదా అని. న్యాయమైన అభ్యంతరమే అనుకుంటా నేను. పక్షుల్లో గట్టిగా కొలిచినది కామన్ స్విఫ్ట్, 2010లో స్వీడన్ వాళ్లు హైస్పీడ్ కెమెరాలతో పట్టింది గంటకి 111.6 కి.మీ. ఇదే స్విఫ్ట్ ఏడాదిలో పది నెలల దాకా నేల మీద వాలకుండా గాల్లోనే ఉండగలదని కూడా తర్వాత తేల్చారు, నన్నడిగితే స్పీడు కన్నా అదే పెద్ద వింత.

ఇప్పుడు చీతా. పుస్తకాల్లో 110, 112, 114, 120 అని ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. గట్టిగా చెప్పుకోదగ్గ కొలతలు మూడు కనిపిస్తాయి నాకు. 1965లో కెన్యాలో క్రెయిగ్ షార్ప్ అనే ఆయన మనుషులకి అలవాటుపడ్డ ఒక చీతాని 200 మీటర్ల దారిలో ఉరికించి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే సగటున 104 కి.మీ. వచ్చింది. 2012లో సిన్సినాటి జూలో సారా అనే ఆడ చీతా 100 మీటర్లని 5.95 సెకన్లలో దాటింది, పీక్ స్పీడు దాదాపు 98. ఉసేన్ బోల్ట్ 9.58 గుర్తుందిగా, దాని పక్కన పెట్టుకుని చూడండి. ఈ రెండూ అలవాటుపడ్డ జంతువులు, ముందే గీసిన దారి, తిన్నగా పరుగు.

మూడోది నా ఫేవరెట్. బోట్స్‌వానాలో అలన్ విల్సన్ బృందం ఐదు అడవి చీతాల మెడకి జీపీఎస్, కదలికల సెన్సర్లు ఉన్న పట్టీలు కట్టి 367 పరుగులు రికార్డ్ చేసి 2013లో పబ్లిష్ చేసింది. అన్నిట్లోకీ అత్యధిక వేగం 93 కి.మీ. కానీ అసలు విషయం అది కాదు, ఒక్కో పరుగులో అది అందుకున్న టాప్ స్పీడు సగటున చూస్తే దాదాపు 54 మాత్రమే. పరుగు సగటు దూరం 173 మీటర్లు. అంటే ప్రపంచంలో అందరికన్నా వేగంగా పరిగెత్తగల జంతువు రోజూ తిండి సంపాదించుకునేది సగం స్పీడులోనే! ఎందుకంటే వేటలో పనికొచ్చేది టాప్ స్పీడు కాదు, ఎంత త్వరగా స్పీడు అందుకుంటావు, ఎంత త్వరగా బ్రేకు వేస్తావు, ఎంత బిగువుగా మలుపు తిరుగుతావు అనేది. చీతా గోళ్లు మిగతా పిల్లుల్లా పూర్తిగా లోపలికి పోవు, బయటికే ఉండి నేలని పట్టుకుంటాయి, పొడవాటి తోక మలుపులో ఒళ్లు తూలకుండా కాస్తుంది, నడుం వంగి సాగుతుంటే ఒక్కో అంగ అంత పొడుగు పడుతుంది.

వేటకి దొరికే జంతువు వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. అదే విల్సన్ బృందం 2018లో చీతాతో ఇంపాలా అనే ఆఫ్రికా జింకనీ, సింహంతో జీబ్రానీ పోల్చింది. చీతా, సింహం రెండిటి కండరాలకీ వాటి ఆహారం కన్నా 20 శాతం ఎక్కువ పవర్ ఉందని తేలింది. మరి ఇంపాలా ఎలా బతికిపోతోంది? ప్రాణభయంతో ఉన్నది కూడా తన ఫుల్ స్పీడులో పరిగెత్తదు. మధ్యస్థంగా పోతూ చివరి క్షణంలో అనుకోని పక్కకి మలుపు తీసుకుంటుంది, ఫుల్ స్పీడులో ఉంటే ఆ మలుపు కుదరదు కాబట్టి. తిన్నగా పారిపోతే చచ్చినట్టే.

చీతా ఒళ్లు వేడెక్కిపోయి పరుగు ఆపేస్తుంది అని కూడా వింటుంటాం. అది 1973లో చీతాని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించిన ఒక ప్రయోగం నుంచి పాకిన మాట. నలభై ఏళ్ల తర్వాత నమీబియాలో చీతాల ఒంట్లోనే సెన్సర్లు పెట్టి చూస్తే వేటాడేటప్పుడు టెంపరేచర్ పెద్దగా పెరగలేదు, పెరిగింది వేట అయ్యాక, అదీ దొరికినప్పుడు ఇంకొంచెం ఎక్కువ. ట్రెడ్‌మిల్ మీద గంటకి ముప్పై చిల్లరలో పరిగెత్తినదానికీ, అడవిలో అర నిమిషం కూడా పట్టని ఉరుకుకీ పోలిక పెడితే అలాగే ఉంటుంది మరి.

దూరం లెక్కలోకి తెస్తే ప్రాంగ్‌హార్న్ ముందు చీతా నిలవదు. జింకలాంటి జంతువు అది, ఉత్తర అమెరికాలో ఉంటుంది, ఆరు కిలోమీటర్లు గంటకి 55 స్పీడులో లాగించగలదు. ఇప్పుడు దాన్ని అందుకునే జంతువే అక్కడ లేదు, ఒకప్పుడు అక్కడ చీతా లాంటి పిల్లి ఉండేది, అది అంతరించిపోయినా ప్రాంగ్‌హార్న్ కాళ్లకి ఆ స్పీడు మిగిలిపోయిందని జాన్ బయర్స్ అనే శాస్త్రవేత్త వాదన.

నీళ్లలోకి వెళ్తే నాకు ఒళ్లు మండే టాపిక్ వస్తుంది. సెయిల్‌ఫిష్ 110 కి.మీ. అని ప్రతి లిస్టులో ఉంటుంది, పిల్లల పుస్తకాల్లో కూడా. ఎలా కొలిచారు? ఫ్లోరిడాలో గేలం వేసే వాళ్ల క్యాంపులో, గేలానికి చిక్కిన చేప మూడు సెకన్లలో వంద గజాల తాడు లాక్కుపోయిందని లెక్క. అంతే. చేప గాల్లోకి ఎగిరిందా, పడవ ఎటు కదిలింది, రీలు తనంతట తను ఎంత తిరిగింది, ఆ మూడు సెకన్లు ఎవరు చూశారు, ఏదీ లేదు. బ్లాక్ మార్లిన్ అనే ఇంకో చేపకి 130 అనేది కూడా ఇలా తాడు లాగుడు బాపతే. 2016లో చేప కండరం ఒకసారి ముడుచుకోడానికి ఎంత టైం పడుతుందో కొలిచి, దాన్నిబట్టి తోక ఎంత వేగంగా ఆడించగలదో లెక్కకట్టి చూస్తే సెయిల్‌ఫిష్ గరిష్ఠ వేగం సెకనుకి 8.3 మీటర్లు వచ్చింది, అంటే గంటకి 30 కి.మీ.! అలా చూసినా దాంతోపాటు కొలిచిన బారకుడా లాంటి చేపలకన్నా అదే ముందుంది, కాబట్టి చేపకి అవమానమేం లేదు. నీళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, సెకనుకి 10, 15 మీటర్లు దాటితే తోక రెక్క దగ్గర నీళ్లు ఆవిరి బుడగలైపోయి ఆ బుడగలు పగిలేటప్పుడు ఒళ్లు దెబ్బతింటుంది, కాబట్టి 110 అనేది చేపకి దాదాపు అసాధ్యమే.

మీరు చెప్పిన ఆ ఈగ కథ అయితే ఇంకా పెద్ద కామెడీ. 1920ల్లో చార్లెస్ టౌన్‌సెండ్ అనే కీటక శాస్త్రవేత్త, జింకల మీద వాలే ఒక రకం ఈగ కొండల్లో తన ముందునుంచి పోతుంటే కంటికి ఆనలేదని, అది సెకనుకి 400 గజాలు పోతుందని రాసేశాడు. అంటే గంటకి 1,300 కి.మీ. పైమాటే, శబ్దం కన్నా వేగం. కొలిచింది ఏమీ లేదు, కంటి అంచనా. పేపర్లు ఎగబడి వేశాయి, పదేళ్లకి పైగా అదే నడిచింది. చివరికి 1938లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, కెమిస్ట్రీలో నోబెల్ వచ్చిన ఆయన, కూర్చుని లెక్కలేశాడు. ఆ వేగంలో గాలి ఒత్తిడికే ఈగ తల నలిగిపోతుంది, దానికి కావాల్సిన శక్తి కోసం సెకనుకి తన బరువుకి ఒకటిన్నర రెట్లు తినాలి, మనిషికి తగిలితే తూటాలా ఒంట్లోకి దిగాలి. అక్కడితో ఆగలేదు, ఈగంత సీసం ముక్క దారానికి కట్టి గుండ్రంగా తిప్పి చూశాడు. గంటకి 20 కి.మీ. దగ్గరే ఆకారం చెదిరిపోయింది, 40 దగ్గర లీలగా కనిపించింది, 100 దాటాక అసలు కనబడలేదు. టౌన్‌సెండ్ వర్ణించినట్టు కనిపించాలంటే ఈగ స్పీడు 40 ఉండొచ్చని తేల్చాడు. దారం, సీసం ముక్క. ఇంతకన్నా ముచ్చటైన ప్రయోగం నాకు ఇంకోటి తెలీదు.

ఈ కంటి అంచనా ఎంత మోసమో నేను స్నేహితుడి కుక్కతో చూశాను. అది పరిగెత్తుతుంటే చుట్టూ ఉన్న నలుగురూ అరవై ఉంటుంది, డెబ్భై ఉంటుంది అన్నారు, నేల మీద రెండు గుర్తులు పెట్టి మధ్య దూరం టేపుతో కొలిచి, ఫోన్‌ని 240 ఫ్రేముల మోడ్‌లో పెట్టి లెక్కేస్తే నలభై కూడా రాలేదు. మీరూ చేయాలంటే ఒక్కటే జాగ్రత్త, ఫోన్‌ని చేత్తో తిప్పకండి, స్టాండు మీద కదలకుండా ఉంచి, దారికి సరిగ్గా అడ్డంగా పెట్టండి, ఏటవాలుగా పెడితే దూరం లెక్క తప్పుతుంది. కారు పక్కన పరిగెత్తించి స్పీడోమీటర్ చూసే పద్ధతి కుక్కకీ మంచిది కాదు, స్పీడోమీటర్ కూడా కొంచెం ఎక్కువే చూపిస్తుంది.

ఇంకో రకంగా చూసేవాళ్లు ఉన్నారు, గంటకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా సెకనుకి తన ఒంటి పొడవుకి ఎన్ని రెట్లు పోతుంది అని. అప్పుడు లిస్టు తలకిందులైపోతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఒక నల్లి ఉంది (మంచాల్లో కుట్టేది కాదు, మైట్ అంటారే అది), ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, 2014లో ఒక డిగ్రీ స్టూడెంట్ కొలిచి చెప్పాడు, సెకనుకి 322 ఒంటి పొడవులు. చీతాకి ఇరవై లోపే. నిజానికి ఆ నల్లి స్పీడు గంటకి ఒక కిలోమీటరు కూడా కాదు, మనం నడిచే నడకలో పావు వంతు ఉండదు. పక్షుల్లో అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ మగది ఆడదాని ముందు గొప్పలు పోతూ కిందకి దూకేటప్పుడు సెకనుకి 385 పొడవులు, ఈ లెక్కలో ఫాల్కన్ కూడా దాని వెనకే.

ఈ చిన్నవాళ్లలో నేను కళ్లారా చూసింది టైగర్ బీటిల్, నేల మీద పరిగెత్తే మెరుపు రంగుల పెంకు పురుగు. ఫోటో తీయబోతే ఉరుకుతుంది, ఠక్కున ఆగుతుంది, మళ్లీ ఉరుకుతుంది. ఆ ఆగడం అలసటతో కాదు. పరుగు మొదలుపెట్టాక దాని కళ్లకి అందే వెలుతురు చాలదు, ముందున్నది కనబడదు, అందుకే ఆగి మళ్లీ ఎర ఎక్కడుందో చూసుకుని బయల్దేరుతుంది. ఆస్ట్రేలియాలో దీని చుట్టం ఒకటి గంటకి 9 కి.మీ. పరిగెత్తుతుంది, పురుగుకి అది మామూలు స్పీడు కాదు. ఫోటోలు తీసేవాళ్లకి చిన్న చిట్కా, అది ఉరికేటప్పుడు మీరు కదలండి, ఆగినప్పుడు మీరూ ఆగండి, చాలా దగ్గరికి రానిస్తుంది.

ఒళ్లు మొత్తం కాకుండా ఒక అవయవం వేగం అంటే అది వేరే లోకం, ఫాల్కన్‌కి దగ్గరగా వచ్చేది ఒక చీమ! డ్రాక్యులా యాంట్ దవడలు రెండూ ఒకదానికొకటి నొక్కి పట్టి చిటిక వేసినట్టు జారవిడుస్తుంది, సెకనుకి 90 మీటర్లు, 2018లో కొలిచారు. రొయ్యలాంటి మాంటిస్ ష్రింప్ నీళ్లలో గుద్దే గుద్దు సెకనుకి 23 మీటర్లు. ఇందాక చేపకి చేటు అన్నానే ఆ ఆవిరి బుడగలు, వాటినే ఇది ఆయుధంగా వాడుకుంటుంది, గుద్దు ఒకటి, బుడగ పగిలిన దెబ్బ రెండోది.

ఇక ఏనుగు. బలం సరిపోక కాదు, టైం సరిపోక. 2017లో మిరియం హిర్ట్ అనే జర్మనీ శాస్త్రవేత్త బృందం 474 జాతుల వేగాలు ఒకచోట పెట్టి చూసింది. బరువు పెరిగేకొద్దీ వేగం పెరుగుతూ పోయి మధ్య సైజు దగ్గర శిఖరానికి చేరి మళ్లీ పడిపోతుంది, నేల మీదైనా గాల్లోనైనా నీళ్లలోనైనా ఇదే తీరు. వాళ్లిచ్చిన కారణం ఏంటంటే, ఒక్కసారిగా ఉరకడానికి జంతువులు కండరంలో ముందే దాచుకున్న శక్తి వాడతాయి, అది కొద్దిసేపట్లో అయిపోతుంది. పెద్ద ఒంటిని టాప్ స్పీడుకి తేవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఈలోపే ఆ నిల్వ ఖాళీ. చీతా సైజు వాటికి రెండూ సరిగ్గా కుదిరాయి. ఏనుగు అందుకే గంటకి పాతిక దగ్గర ఆగిపోతుంది, అదీ నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేవకుండా. అదే లెక్క డైనోసార్లకి వేస్తే టీ రెక్స్‌కి 27 కి.మీ. వచ్చింది. పీక్‌లో గంటకి 44 దాటిన బోల్ట్ హాయిగా తప్పించుకునేవాడు, నన్నైతే బ్రేక్‌ఫాస్ట్‌కే తినేసేది.